హనుమమ్మ కొంగుముడి

పొద్దున ధర్మవరం నుంచి వచ్చే ప్యాసింజరులో హనుమమ్మది కిటికీ పక్క సీటు. ఒడిలో మల్లెల బుట్ట, కొంగు పొడుగునా ముడులు. ఆమె ముడి వేసింది ఏదైనా సరే, విప్పేదాకా వాడదు, పులవదు, పండదు. నిన్న మిగిలిన పూలను ఈరోజు కొంగులోంచే తీసి మూర కొలిచేది. కాలం కాని కాలంలో ఏ వేవిళ్ల పిల్లో అడిగితే ఆ కొంగులోంచే పచ్చి మామిడికాయ వచ్చేది. టీసీ బుట్టకు లగేజీ టికెట్టు అడిగేవాడు గానీ ముడుల జోలికి వచ్చేవాడు కాదు.

పెనుకొండలో ఎక్కే పవిత్ర ఆమె ఎదుట కూర్చునేది. హిందూపురంలో పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే కేంద్రంలో ఉద్యోగం. పట్టు సీతాకోకచిలకలు అట్టల మీద పెట్టిన గుడ్లను చల్లగదిలో నెలల తరబడి నిద్రపుచ్చి, రైతుకు అవసరమైనప్పుడు లేపడం ఆమె పని. కాలేజీ గోడల మీద రాసిన నినాదాలు ఇరవై ఏడేళ్లు వచ్చినా ఆమె నోట్లో తడి ఆరలేదు.

2005 వేసవిలో ఆమె మెడ పక్కన గడ్డ తేలింది. బెంగళూరు ఆస్పత్రిలో క్యాన్సర్ అన్నారు. నయమవుతుందట, కానీ ఎక్కించే మందుల వేడికి అండాలు మాడిపోవచ్చట. ముందుగా వాటిని తీసి, గడ్డకట్టించి దాచే పద్ధతి కొత్తగా వచ్చిందని ఒక చిన్న డాక్టరమ్మ నోరు జారింది. ఆ ఒక్క మాట పట్టుకుని పవిత్ర నాలుగంతస్తులు ఎక్కింది.

కౌంటరులో ఒకామె ఫారం తిరగేసి, "నిమ్మ గండ ఎల్లమ్మా?" అని కన్నడంలో మొగుడెక్కడని అడిగింది. మొగుడు లేడంది పవిత్ర. పోనీ నాయన? చనిపోయాడు. పెద్ద డాక్టరు కళ్లద్దాలు తీసి, పెళ్లికాని పిల్లకు ఇవన్నీ ఎందుకమ్మా, ముందు బతుకు చూసుకో అన్నాడు. బతుకంటే ఏమిటో చెప్పమంది పవిత్ర. ఆయన గంట కొట్టి తరువాతి రోగిని పిలిచాడు. సోమవారం నుంచి మందులు.

తిరుగు రైల్లో ఆమె ఉడికిపోయింది. పురుగు గుడ్లు ఆర్నెల్లు దాచడానికి ప్రభుత్వం కరెంటిస్తుంది, జనరేటరిస్తుంది, మొగచిలక సంతకం మాత్రం అడగదు. నా దేహం నా హక్కు అని గోడ మీద రాసింది సరే, ఆ గోడ ఎవరిదో అప్పుడు ఎవరూ చెప్పలేదు.

హిందూపురంలో పూలమ్ముకుని ఎక్కిన హనుమమ్మ అంతా విని, బుట్ట పక్కన పెట్టింది.

"దాచల్లంటే దాస్తా. ఎన్నేండ్లు?"

"తెలీదత్తా."

"తెలిసినప్పుడు చెప్పు."

కొంగు చెరగును పవిత్ర పొత్తికడుపుకు ఆనించి, కాసేపు పట్టి, ముడేసింది. మంచినీళ్ల కుండను తాకినంత చల్లదనం. పక్కన శనక్కాయలు వొలుచుకుంటున్న ముసలాయన కొంచెం జరిగి చోటిచ్చాడు.

మందులెక్కాయి. జుట్టు రాలింది, నెలసరి ఆగింది, గడ్డ కరిగింది. 2007లో మళ్లీ పరీక్షలు చేసి, అండాశయాలు యాభై ఏళ్లు దాటిన మనిషికి ఉన్నట్టున్నాయన్నారు. పవిత్ర వాళ్లమ్మ రామాంజినమ్మ వెంటనే గుడిబండ సంబంధం తెచ్చింది. వరుడు చంద్రమోహన్ పెళ్లాం పోయినవాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఈమెకు ఎలాగూ పిల్లలు కారు కాబట్టి సరిపోతుందన్నారు మొదట. ముడి సంగతి తెలిశాక మాట మారింది. విప్పిస్తే మగబిడ్డ పుడతాడు, వచ్చే నెలలోనే కానిద్దాం అన్నారు. పవిత్రను ఎవరూ అడగలేదు. చంద్రమోహన్, అతని అక్క నరసక్క, రామాంజినమ్మ ముగ్గురూ ధర్మవరం పోయి హనుమమ్మ ఇంట్లో కూర్చున్నారు.

సంగతి తెలిసి, సెలవు చీటీ రాసి, పవిత్ర బస్సు పట్టుకునిపోయింది. గుమ్మం బయటికే అమ్మ ఏడుపు వినిపించింది.

"కన్నతల్లిని, నేను చెప్తాండా. విప్పు హనుమక్కా."

"నువ్వు కన్న బిడ్డ గాదు ఈడుండేది," అంది హనుమమ్మ పూలు కడుతూనే. "నీ బిడ్డ ఇంగా కననివి. వాటికి నువ్వు అవ్వవి గూడా కాలేదు."

"కట్టుకునేవోణ్ని నేనుండా గదమ్మా," అన్నాడు చంద్రమోహన్.

"నీకిచ్చేదానికి నా తాన మల్లెపూలే ఉండాయబ్బా. కావల్లంటే ఒక మూర తీసుకోపో."

నరసక్క ఇక ఆగలేక కొంగు పట్టుకుని లాగింది. ముడి రాయిలా ఉంది. ఆమె గోరు విరిగింది.

దారంతా కూడగట్టుకున్న ఉపన్యాసంతో పవిత్ర గడప దాటింది. హనుమమ్మ తలెత్తింది.

"ఏం పాపా, విప్పల్నా?"

రెండేళ్లలో, నాలుగంతస్తుల్లో, ఇంట్లో, ఆఫీసులో ఆమెను ఇట్లా అడిగినవాళ్లు లేరు. అంత కోపం ఎక్కడికి పోయిందో, ఒక్క నినాదమూ నోటికి రాలేదు.

"వద్దు," అంది.

చంద్రమోహన్ చెప్పులేసుకున్నాడు. నరసక్క వేలు నోట్లో పెట్టుకుని అతని వెనకే నడిచింది. రామాంజినమ్మ మాత్రం లేవలేదు. ఎదురుగా ఉన్న ముడినే చూస్తూ, "మరింకెప్పుడు?" అని హనుమమ్మను అడగబోయి, ఆగి, కూతురి వైపు తిరిగింది.

"ఎప్పుడు పాపా?"

పవిత్ర వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.