పాలగండికి రెండు నిమిషాలు

సభ జరుగుతోంది, కానీ కింద నేల లేదు, ఉప్పు మడులున్నాయి; సభ్యుల బల్లలన్నీ మడుల గట్ల మీద వరసగా వేసి ఉన్నాయి, మధ్యలో చీలమండల దాకా నీళ్ళు నిలిచి ఎండకు మెరుస్తున్నాయి, పైకప్పు ఉందో లేదో తెలియడం లేదు, అయినా ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి, అవి దేనికి వేలాడుతున్నాయని నాకు అనుమానం కూడా రావడం లేదు. నేను కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నా సీటు వెతుక్కుంటున్నాను. మొదటిసారి గెలిచిన ఎమ్మెల్యేని కదా, వెనక వరసలో స్తంభం చాటున పడేశారు. మూడేళ్ళుగా కూర్చుంటున్న చోటే, ఇప్పుడు ఎంత నడిచినా రావడం లేదు.

మడి మధ్యలో ఎవరో నేల తొక్కుతున్నారు. నీళ్ళు ఆరి ఉప్పు తేలాలంటే ముందు మడి అడుగును పాదాలతో తొక్కి తొక్కి గట్టిపరచాలి, లేకపోతే ఉప్పులో మన్ను కలుస్తుంది. ఆ తొక్కుడు తెలిసిన మనిషి నడక వేరుగా ఉంటుంది, మడమ ముందు ఆనుతుంది, తర్వాత వేళ్ళు. చేతులు వెనక్కి కట్టుకుని మంత్రుల బల్లల ముందు నుంచి ప్రతిపక్షం బల్లల దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తున్నాడాయన, మార్షల్స్ పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నారు. వీపు చూసే గుర్తుపట్టాను. మా పక్క ఊరు పాలగండి, ఉప్పు రైతు కూర్మయ్య మావ. నాలుగు రోజుల కిందట చనిపోయాడని నాకు తెలుసు. నేను చావుకు వెళ్ళలేదని కూడా తెలుసు.

పలకరించకుండా స్తంభం వెనక్కి పోదామనుకుంటాను, చచ్చినవాడికి మొహం చాటేసే ఎమ్మెల్యేని నేనొక్కదాన్నేనేమో. ఆయనే తల ఎత్తి చూస్తాడు.

"వొచ్చినావా అమ్మీ," అంటాడు, పొద్దున్నే గట్టు మీద ఎదురుపడినట్టు.

నీకోసమే వచ్చాను మావా అంటాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆయన దాన్ని పట్టించుకోకుండా అన్నం తిన్నావా అని, మా అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అని అడుగుతాడు, నేను జవాబులు చెబుతూ ఆయన పక్కన నడుస్తూ ఉంటాను, నడుస్తూ ఉండగానే బల్లలు పలచబడి పోతాయి, స్తంభాలు కొబ్బరి చెట్లవుతాయి, చూస్తే మేం పాలగండి సామాజిక భవనంలో ఉన్నాం. చాప మీద కూర్చున్నాం. ఊరంతా మా వెనక కూర్చుని ఉంది, ఎవరూ నా వంక చూడడం లేదు, అందరూ గోడకున్న టీవీనే చూస్తున్నారు, టీవీలో నేను.

ఆ రోజు తెలుసు నాకు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీళ్ళు పాలగండి ఏటిలోకి ఎక్కి వస్తాయి, ఆ నీళ్ళే మడుల్లోకి మళ్ళించుకుని ఆరువందల కుటుంబాలు ఉప్పు పండించుకుంటాయి, ఏటిలోని పీతలూ రొయ్యలూ పట్టుకుని ఇంకో రెండు వందల కుటుంబాలు బతుకుతాయి. ఏరు సముద్రంలో కలిసే చోటు, ఏటి మొగ, అక్కడ మట్టి పోసి మూసేసి, దాని మీద గోదాములు కట్టుకుంటామని పోర్టు కంపెనీ అడుగుతోంది. మొగ మూస్తే ఏరు చస్తుంది, అది చెప్పడానికి నాకు జీరో అవర్‌లో రెండు నిమిషాలు దొరికాయి. రాత్రంతా... కాదు, వారం రోజులు రాసుకున్నాను ఆ రెండు నిమిషాల కోసం.

టీవీలో నేను లేచి నిలబడతాను. అవకాశం ఇచ్చినందుకు స్పీకర్ గారికి ధన్యవాదాలు చెబుతాను. ముఖ్యమంత్రి గారికి చెబుతాను. జిల్లాకి పరిశ్రమలు తెస్తున్నందుకు పరిశ్రమల మంత్రి గారికి, నాకు టికెట్ ఇచ్చిన పార్టీకి, గెలిపించిన ఓటర్లకి, అందరికీ పేరుపేరునా చెబుతాను. సభలో అది మా అలవాటు, కొత్తవాళ్ళకి సీనియర్లు మొదట నేర్పేది అదే, దండం పెట్టుకుంటూ మొదలుపెట్టమ్మా, అప్పుడు తర్వాత నువ్వేమన్నా వింటారు అని. తర్వాత అనేది ఉంటేగా. నేను "మా నియోజకవర్గంలో" అనేసరికి గంట మోగింది, మైకు ఆగిపోయింది, తెర మీద నా పెదాలు మాత్రం ఆడుతున్నాయి.

ఊరంతా ముందుకి వంగి ఆ పెదాల వంకే చూస్తోంది. ఎవరూ నన్ను తిట్టడం లేదు, తిడితే బాగుండును. కూర్మయ్య మావ నెమ్మదిగా అంటాడు.

"ఇప్పుడు సెప్తాది, ఇప్పుడు సెప్తాది అని సూసినాం అమ్మీ. ఏరు పేరు రాకుండానే అయిపోనాది."

నాకు ఏడుపొస్తోంది. తర్వాత ఏం జరిగిందో ఆయన చెప్పడు, నేనే చెబుతాను, నేరం ఒప్పుకుంటున్న మనిషి ఆగలేడు కదా. నా ప్రసంగం సభ రికార్డులోకి ఎక్కింది. మర్నాడే కంపెనీవాళ్ళు ఆ కాగితం అచ్చు తీసి ఊళ్ళోకి తెచ్చారు, ఇదుగో, పరిశ్రమ తెచ్చినందుకు మీ ఎమ్మెల్యేనే అసెంబ్లీలో ధన్యవాదాలు చెప్పింది, ఇక మీకేమిటి అభ్యంతరం అన్నారు. ఆ సాయంత్రానికే లారీలతో మట్టి వచ్చింది. కూర్మయ్య మావ వెళ్ళి ఆ మట్టి మీద కూర్చున్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, నెత్తిన తువ్వాలు తప్ప ఏమీ లేదు. మూడో రోజు ఎండకి పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. నేను చావుకు బయల్దేరబోతే మా విప్ వరహాలరాజు గారు ఫోన్ చేసి, ఇప్పుడు నువ్వక్కడ కనిపిస్తే పార్టీకి ఇబ్బందమ్మా, సభ అయ్యాక పరామర్శకి వెళ్దువుగానిలే అన్నారు. సర్దుకున్న బ్యాగు సర్దుకున్నట్టే కింద పెట్టేశాను.

"నాకోసం చూశావా మావా," అని అడుగుతాను. ఏం జవాబు వస్తుందో తెలిసే అడుగుతాను.

"సూసినాను. ఆడపిల్ల, పనిలో ఉంటాది, దాన్నేటీ అనకండని మనోలకి సెప్పినాను."

ఆ మాట విని లేవబోయి చాప మీద చెయ్యి ఆనిస్తాను. చాప కింద నీళ్ళున్నాయి, చాపా లేదు, మళ్ళీ మేం మడిలోనే ఉన్నాం, అటూ ఇటూ బల్లలు, బల్లల మీద సభ్యులు ఆవలిస్తూ కూర్చుని ఉన్నారు. ఇవాళ మధ్యాహ్నమే బిల్లు వస్తోందని ఆయనకి చెప్పాలి. ఏటి మొగా, చుట్టూ ఉన్న భూములూ కంపెనీకి అప్పగించే బిల్లు. స్థానిక సభ్యురాలిగా రెండు నిమిషాలు మాట్లాడు, స్వాగతిస్తున్నానని చెప్పు చాలు అని వరహాలరాజు గారు కాగితం కూడా రాయించి ఇచ్చారు. స్వాగతిస్తే ఏరు పోతుంది. స్వాగతించకపోతే నేను పోతాను, వచ్చేసారి టికెట్ ఉండదు, ఉన్న మూడు కమిటీల్లోంచీ తీసేస్తారు, గట్టిగా అంటే పార్టీలోంచే పంపేస్తారు. ఇదంతా చెబుతుంటే నాకే చిన్నతనంగా ఉంది, ప్రాణం పోయినవాడి ముందు టికెట్ గురించి ఏడుస్తున్నానేమిటని. ఆయన మాత్రం శ్రద్ధగా వింటాడు, పంట పోయిన రైతు గోడు విన్నట్టు.

విని, వంగి, నీళ్ళలో చెయ్యి పెట్టి తీస్తాడు. గుప్పెట్లో ఉప్పు. తడి ఉప్పు, లావు రవ్వ, బూడిద రంగు ఛాయే లేదు, అంత బాగా తొక్కిన మడి. నా కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పుతాడు.

నేను చెయ్యి వెనక్కి లాక్కుంటాను. ఉప్పు చేతికివ్వరు. ఎవరింట్లోనైనా అంతే, కంచంలోనో నేల మీదో పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి, చేతి నుంచి చేతికి ఇస్తే ఆ ఇద్దరికీ గొడవ వస్తుందంటారు. పాలగండిలో ఆ పట్టింపు మరీ ఎక్కువ, నేను ఓట్లకి వెళ్ళినప్పుడు ఈ మావే తొలి ఉప్పు మోదుగాకులో పోసి గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, తీసుకో అమ్మీ అన్నాడు. అలాంటి మనిషి.

"చేతికిస్తే తగువొస్తుంది మావా," అంటాను.

"రావాలనే ఇత్తన్నాను."

"నీతోనా?"

"నాతో ఇంకేటి తగువు, నాను పోనాను కదా. ఎవులితో రావాలో నీకు తెల్దా?"

ఉప్పు నా అరచేతిలో పోసి వేళ్ళు ఆయనే మూస్తాడు, చేతులు వెనక్కి కట్టుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెడతాడు, నా వంక చూడడు. ఇప్పుడు స్పీకర్ గారు నా పేరు పిలుస్తున్నారు. నేను లేస్తాను, ఏరు పేరు చెప్పాలి, మొదటి మాటే అది కావాలి, నోరు తెరుస్తాను, "అధ్యక్షా, అవకాశం ఇచ్చినందుకు" అని వస్తుంది. నోరు మూసుకుంటాను. మళ్ళీ తెరుస్తాను, మళ్ళీ అదే వస్తుంది. నీళ్ళు తగ్గిపోతున్నాయి, బల్లల కాళ్ళ దగ్గర బురద తేలుతోంది, బురద పగుళ్ళిస్తోంది, కూర్మయ్య మావ ఎండిన మడిలో తొక్కుతూనే ఉన్నాడు, ఆయన అడుగు కింద చప్పుడు లేదు. మావా ఆగు, చెబుతున్నాను, ఒక్క నిమిషం అని అరుస్తాను, నా మైకు ఎప్పుడో ఆగిపోయింది, ఆయన అటు తిరిగి నడుస్తున్నాడు, ప్రతిపక్షం బల్లలు దాటిపోయాడు, ఇంక తిరిగి రాడు, గంట మోగుతోంది, మోగుతూనే ఉంది.

గంట నిజమైనదే. భోజన విరామం అయిపోయిందని సభ్యుల భోజనశాలలో మోగుతోంది. బల్ల మీద తల పెట్టి నిద్రపోయానన్నమాట, కంచంలో పెరుగన్నం ఎండిపోయింది, చెంప కింద వరహాలరాజు గారు రాయించి ఇచ్చిన కాగితం చెమటకి అతుక్కుపోయి ఉంది. దాన్ని ఒలిచి పక్కన పడేశాను.

నా ఎదురుగా వరహాలరాజు గారే కూర్చుని తొందర తొందరగా మజ్జిగ కలుపుకుంటున్నారు. నాలుగు రోజులుగా నిద్ర లేదుగా నీకు, అందుకే లేపలేదు, లేచి మొహం కడుక్కో, మనదే మొదటి బిల్లు అన్నారు. మంచి మనిషే ఆయన, నా మీద దయ కూడా ఉంది. గ్లాసులోకి చూసుకుంటూ, నా మోచేతి దగ్గరున్న ఉప్పు గిన్నె ఇలా ఇమ్మని చెయ్యి చాపారు. గిన్నె పట్టుకుని అందించబోయాను. అంతలో ఆయనకే గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"కింద పెట్టమ్మా, చేతికివ్వకూడదు," అన్నారు నవ్వుతూ. "మనలో మనకి గొడవలెందుకు."

గంట ఆగిపోయింది. అందరూ లేచి లోపలికి వెళ్తున్నారు. గిన్నె ఆయన ముందుకి చాపి అలాగే పట్టుకున్నాను. ఆయన నవ్వు ఆపి నా మొహం వంక చూశారు. నేను కింద పెట్టలేదు.