ముక్కాయన

సబ్బునీళ్లు గిలక్కొట్టడం అయ్యాక ముక్కాయన ఆ సీసాను పనిముట్ల సంచిలో పెట్టి, గోడవార ఉన్న ఇనుపపెట్టె ముందు గొంతుకూర్చున్నాడు. మూత తీసి, పైనున్న భార్య శాలువను మొహానికి ఆనించుకుని గాలి గట్టిగా లోపలికి పీల్చాడు. దగ్గు వచ్చింది. ఇంకేమీ రాలేదు. మడతల్లో వేసిన కలరా ఉండల వాసన సైతం రాలేదు. శాలువను యథాప్రకారం సర్ది, పెట్టె మీద చెయ్యి ఆనించుకుని మెల్లగా లేచాడు.

కరోనా వచ్చినప్పుడు భార్యాభర్తలిద్దరూ ఒకే అంబులెన్సులో ఆసుపత్రికి వెళ్లారు. తిరిగి అతనొక్కడే వచ్చాడు. వస్తూ వస్తూ ఆయాసాన్నీ మతిమరుపునీ వెంట తెచ్చుకుని, వాసన పట్టే శక్తిని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాడు. కొన్నాళ్లకు అదే వస్తుందన్నాడు డాక్టరు. ఏళ్లు గడిచాయి కానీ ఆ కొన్నాళ్లు ఇంకా పూర్తికాలేదు. ఆమె పోయిందన్న దుఃఖం ఒక ఎత్తు, ఆమె బట్టల్లో ఆమె దొరకకపోవడం మరో ఎత్తు. రెండోదాన్ని ఎవరితో చెప్పుకోవాలో అతనికి తెలియలేదు.

అసలు అతనికి ఆ పేరు వచ్చిందే ముక్కువల్ల. గ్యాస్ ఏజెన్సీలో స్టవ్‌లు బాగుచేసే మెకానిక్కు. గుమ్మంలో అడుగు పెడుతూనే ఒక్కసారి గాలి ఎగబీల్చి, లీకు రెగ్యులేటరు దగ్గరో ట్యూబు దగ్గరో చెప్పేసేవాడు. పనిలో పనిగా పక్కవాటాలో ఏం మాడిందో కూడా చెప్పి నవ్వించేవాడు. ఇప్పుడా ముక్కు మొహానికి అందం కోసం ఉన్నట్టే. అందమన్నా ఉందా అంటే, ఆ మాట భార్య బతికుండగా ఏనాడూ ఒప్పుకోలేదు.

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని గ్యాస్ మెకానిక్కును ఎవరు వంటింట్లోకి రానిస్తారు? తిండికంటావా, ఒక్క పొట్ట, ఎలాగో గడుస్తుంది. కానీ ఈ పని పోతే అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు ఉండరు. తలుపు తీసి "రావయ్యా ముక్కాయనా" అనే ఆ ఒక్క పిలుపు కోసమే పొద్దున్నే లేస్తున్నాడంటే అబద్ధం కాదు. అందుకే ప్రతి బిగింపు మీదా సబ్బునీళ్లు పూసి, బుడగలు లేస్తున్నాయేమోనని కళ్లు చికిలించి చూస్తాడు. గుమ్మంలో గాలి ఎగబీల్చడం మాత్రం మానలేదు. అది ఉత్త నటనే అయినా చూసేవాళ్లు నమ్ముతున్నారు.

ఆ రోజు మొదటి పిలుపు రిటైరైన టీచరమ్మ ఇంటినుంచి. మంట సన్నగా వస్తోందట. ఒకప్పుడు సిలిండరు భుజాన వేసుకుని ఈలవేస్తూ ఎక్కిన మెట్లు అవి. ఇప్పుడు మలుపు మలుపుకీ ఆగుతాడు. పైనుంచి ఎవరైనా దిగివస్తే వంగి చెప్పులో రాయి తీసుకుంటున్నట్టు నటిస్తాడు. ఇన్నేళ్లలో తీసిన లేని రాళ్లన్నీ పోగేస్తే చిన్న గోడ కట్టొచ్చు.

టీచరమ్మ బక్కపలచటి మనిషి. మెడలో తాడుకు కళ్లజోడు వేలాడుతుంటుంది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు తన దగ్గరికి వచ్చెయ్యమని పోరుతున్నా, తన వంట తను వండుకున్నంతకాలం కదలనని మొండికేసింది. పావురాలు దూరుతున్నాయని వంటింటి కిటికీ మూసే ఉంచుతుంది. ముక్కాయన బర్నర్లు ఊడదీసి, సన్నటి తీగతో కన్నాల్లోని మసి పొడిచి, బ్రష్షుతో దులిపి మళ్లీ బిగించాడు. సబ్బునీళ్లు పూశాడు. బుడగలు లేవలేదు. ఎడమ బర్నరు వెలిగించాడు. మంట నీలంగా, నిండుగా లేచింది. ఆర్పేసి కుడివైపు మీట తిప్పాడు.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి, కాఫీ చల్లారిపోతోంది, ముందు తాగమంది టీచరమ్మ. అప్పటికే ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో పోసి, వంటింట్లోనే చిన్న బల్లమీద పెట్టి ఉంచింది. అతను లైటరు జేబులో వేసుకుని వచ్చి కూర్చున్నాడు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. తిప్పిన మీట మనసులోంచి అలా జారిపోయింది. డాబామీద నీళ్ల మోటారు హోరెత్తుతోంది. స్టవ్ చేసే సన్నటి చప్పుడు అందులో కలిసిపోయింది.

"కొత్తపొడి. వాసన బాగుందా?" అంది టీచరమ్మ.

"ఘుమఘుమలాడిపోతోందమ్మా."

"అవును" అంది ఆమె, కప్పులోకి చూస్తూ.

కబుర్లు చెప్పుకున్నారు. ఆమె తన దగ్గర చదువుకున్న పిల్లల సంగతులు చెప్పింది. అతను భార్య కాఫీలో పంచదార ఎక్కువేసే సంగతి చెప్పాడు. భార్య ఊసు ఇంకొకరి ముందు ఎత్తి ఎన్నాళ్లయిందో. లేవబుద్ధి కాలేదు. తల కాస్త దిమ్ముగా ఉంది కానీ అది రోజూ ఉండేదే. చివరికి, ఏదో మిగిలిపోయిందని లీలగా తోచి లేచాడు. కుడి బర్నరు చూడలేదు కదూ. లైటరు తీసి బర్నరు దగ్గర పెట్టాడు.

"నొక్కకు."

ఎదురువాటాలో బట్టలు కుట్టే ఆవిడ, ముక్కు మూసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గబగబా వచ్చి మీట కట్టేసి, సిలిండరు ఆపి, కిటికీ బార్లా తెరిచింది. మెట్లదాకా గుప్పుమంటోందట. ఇద్దరూ ఇక్కడే కూర్చుని ఏం చేస్తున్నారని అడిగింది.

"నాకు వాసన రాదమ్మా, ఆ జ్వరం తర్వాత నుంచీ" అంది టీచరమ్మ.

కుట్టుపని ఆవిడ అతనివైపు తిరిగింది. అతను గబుక్కున లైటరు జేబులో వేసుకున్నాడు. ఆ మొహంలో టీచరమ్మకు ఏం కనపడిందో, కళ్లజోడు తీసి మెల్లగా తుడుచుకుంది.

"మీట నేనే తిప్పాను. ఈయన అటు తిరిగి ఉన్నాడు. చూసుకోలేదు."

ఇంకేముంది, ఇకమీదట ఒంటరిగా వండుకోవడం కుదరదనీ, ఇప్పుడే తమ్ముడికీ ఏజెన్సీకీ ఫోన్ చేస్తాననీ కుట్టుపని ఆవిడ ఎత్తుకుంది. టీచరమ్మ తల దించుకుని వింటోంది. నేనే తిప్పాను అనే రెండు మాటలు ముక్కాయన గొంతుదాకా వచ్చాయి, గొంతు దాటలేదు. సంచి తీసుకుని దొంగలా దిగిపోయాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

మిగతా ఇళ్లకు వెళ్లలేదు. ఎక్కడెక్కడో తిరిగి మధ్యాహ్నానికి ఏజెన్సీకి చేరాడు. ఓనరు కుర్రతనం వదలని మనిషి. తండ్రి కాలంనుంచీ ఉన్నవాడని ఇతన్ని బాబాయ్ అంటాడు. చూస్తూనే, టీచరమ్మ గ్యాస్ వదిలేసిందని ఎదురువాటా ఆవిడ ఫిర్యాదు చేసిందనీ, ఆమె తమ్ముడు కూడా సరేనన్నాడనీ, రేపు వెళ్లి సిలిండరూ స్టవ్వూ తెచ్చెయ్యమనీ చెప్పాడు.

ముక్కాయన బెంచీమీద కూలబడ్డాడు.

"టీచరమ్మ కాదు బాబూ. మీట తిప్పి మర్చిపోయింది నేను."

"అదేంటి బాబాయ్, అంత గ్యాసు వస్తుంటే నీకు వాసన రాలేదా?"

"రాదు. మీ పిన్ని పోయిన దగ్గర్నుంచీ రాదు."

ఓనరు కలం పక్కన పెట్టాడు. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే ఉంచుతావా?"

ఓనరు వీధిలో పోతున్న బండి వంక అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూశాడు. అదే జవాబని ముక్కాయనకు తెలిసింది. కోపం రాలేదు. తనైనా అంతే చేస్తాడు.

"ఆవిడ స్టవ్ తియ్యకు. కుట్టుపని ఆవిడకీ తమ్ముడికీ నువ్వే ఫోన్ చేసి, తప్పు మావాడిదని చెప్పు. వాసనొస్తే మోగే పెట్టె ఏదో ఉంటుందిగా, అది పెట్టించు."

"పెట్టిస్తాలే" అన్నాడు ఓనరు. అతని ముందే ఫోన్ అందుకున్నాడు. అవతలివాళ్లకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండుసార్లూ, మా మెకానిక్కే, అవును, ముక్కాయనే, అన్నాడు. అన్నంతసేపూ ముక్కాయన తలొంచుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత వెనకగదిలోకి వెళ్లి, ఏజెన్సీ వాళ్లిచ్చిన నీలం చొక్కా విప్పి, మేకుకున్న తన చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకునేసరికి ఆయాసం వచ్చి, గోడకు ఆనుకుని కాసేపు ఆగాడు. బయటకు వచ్చేసరికి ఓనరు వేరే ఫోన్లో ఉన్నాడు. చెయ్యి ఎత్తి ఆగమన్నట్టు సైగ చేశాడు. ముక్కాయన ఆగాడు. ఆ మాటలు ఎంతకీ తెమలలేదు. వస్తానని తలూపి మెట్లు దిగాడు.

అతను నాలుగు మడతలు పెట్టి వదిలివెళ్లిన నీలం చొక్కా, చెమటా సబ్బూ గ్యాసూ కలగలిసిన వాసన వేస్తూ, దుకాణం మూసేదాకా ఆ బెంచీమీదే ఉంది.