తుపాకీ లేని సాయంత్రం

లక్ష్మీపతి తుపాకీని మధ్యకు విరిచి, గొట్టంలోంచి తూటాను బయటికి లాగి రేకు డబ్బాలో వేశాడు. రోజూ తెల్లవారగానే అతను చేసే మొదటి పని అదే. పొయ్యి వెలిగించక ముందే, మొహం కడుక్కోక ముందే, మంచం పక్కన గోడకు ఆనించి ఉన్న తుపాకీని ఒళ్ళోకి తీసుకుని, రాత్రి పెట్టిన తూటాను తీసేస్తాడు. తర్వాత ఇనుప కడ్డీకి పాత చీర పేలిక చుట్టి గొట్టంలోకి తోసి లాగుతాడు. పేల్చని తుపాకీలో మసి ఎక్కడిది? పేలిక ఎప్పుడూ నూనె మరకతోనే బయటికి వస్తుంది. అయినా తుపాకీని కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, గొట్టం చివర వెలుతురు గుండ్రంగా కనిపించేదాకా చూస్తాడు.

మామూలు రోజయితే తుడిచాక దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి, పెట్టెను గొలుసుతో మంచం కోడుకు బిగించి తాళం వేసేవాడు. ఈ రోజు నేల మీద దుప్పటి పరిచి, అందులో తుపాకీని చాప చుట్టినట్టు చుట్టి, రెండు చోట్ల పురికొసతో కట్టాడు. తూటాల డబ్బా, లైసెన్సు చేతిసంచిలో వేసుకున్నాడు. పార్లమెంటు ఎన్నికలు దగ్గర పడ్డాయి. లైసెన్సు ఉన్న ఆయుధాలన్నీ ఠాణాలో అప్పగించాలని నిన్న కానిస్టేబుల్ సైకిల్ మీద వచ్చి చెప్పి పోయాడు. అది 1984 డిసెంబరు నెల.

లక్ష్మీపతికి యాభై దాటాయి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ఏళ్ళ తరబడి యంత్రం మీదికి వంగి వంగి మెడ కొంచెం ముందుకు వాలిపోయింది. ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో కాగితాల నకళ్ళు తీసే సైక్లోస్టైల్ యంత్రం తిప్పే ఉద్యోగం. ఎంత తోమినా గోళ్ళ చుట్టూ నల్ల సిరా పోదు. స్వెట్టర్ మోచేతుల దగ్గర కూడా అదే నలుపు.

ఇల్లు సాహిబాబాద్ స్టేషనుకు అవతల, పట్టాలు దాటి ఆవచేల పక్కగా చాలా దూరం నడిస్తే వస్తుంది. చవకగా వస్తున్నాయంటే అప్పట్లో ప్లాటు కొని, రెండు గదులు వేసుకుని, ముందు చిన్న వరండా దింపాడు. అప్పుడు చుట్టుపక్కల ఇల్లన్నది లేదు. ఇప్పుడు పది, పన్నెండు ఇళ్ళు లేచాయి. రెండిళ్ళ అవతల కరీంనగర్ నుంచి వచ్చిన మల్లేశం, అతని భార్య మాణిక్యం ఉంటారు. మల్లేశం గాజు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేది వాళ్ళొక్కరే. అయినా ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు ఏనాడో ఆగిపోయాయి. పిల్లల బంతి లక్ష్మీపతి వాకిట్లో పడితే అది అక్కడే ఉండిపోవాలి. అతనే తీసి గోడ మీదుగా విసరాలి. లోపలికి వచ్చి ఎవరూ తీసుకోరు.

పొగమంచులో దుప్పటి చుట్టను భుజాన పెట్టుకుని బయలుదేరాడు. దారిలో మల్లేశం ఎదురుపడ్డాడు. చుట్టను చూశాడు, ఠాణా వైపు తిరిగిన దారిని చూశాడు. తలూపి పక్కకు తప్పుకున్నాడు.

ఠాణాలో రికార్డులు రాసే మున్షీ బొగ్గుల కుంపటి దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు. దుప్పటి విప్పించి, తుపాకీ మీది నంబరు చూసి రాసుకున్నాడు. గొట్టం మీద వేలు రాసి చూసి, చాలా శుభ్రంగా ఉంచారని మెచ్చుకున్నాడు.

“ఎప్పుడైనా పేల్చారా బాబూజీ దీన్ని?”

“ఒక్కసారి.”

“దేన్ని కొట్టారు?”

“బక్కెట్టును.”

మున్షీ కుంపటి మీద నుంచి తలెత్తి పెద్దగా నవ్వాడు. పక్కనున్న కానిస్టేబుల్‌కు కూడా చెప్పి నవ్వించాడు. లక్ష్మీపతి దుప్పటి మడత పెట్టుకుని బయటికి వచ్చాడు.

ఆ తుపాకీ హైమవతి అడిగితే కొన్నది. ఆమె అతని భార్య. పిల్లలు లేరు. ఐదేళ్ళ కిందట ఒక చలికాలంలో ఒళ్ళంతా నూనె పూసుకున్న దొంగలు తలుపు బద్దలుకొట్టి లోపలికి వచ్చారు. లక్ష్మీపతిని మంచానికి కట్టేశారు. హైమవతి చెవుల దిద్దులు విప్పే ఓపిక లేక లాగేశారు. ఒక చెవి తమ్మె రెండుగా చీలింది. గాయం మానింది గాని నిద్ర మాత్రం ఆమెకు తిరిగి రాలేదు. ఆకు రాలినా లేచి కూర్చునేది. ఇంట్లో తుపాకీ ఉంటే తప్ప తాను ఇక్కడ ఉండలేనని ఒకరోజు అన్నం వడ్డిస్తూ చెప్పింది. లక్ష్మీపతి నెలల తరబడి ఘాజియాబాద్ కలెక్టరు కచేరీ చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకుని, సింగిల్ బ్యారెల్ తుపాకీ కొన్నాడు. దాన్ని ఇంటికి తెచ్చిన మధ్యాహ్నం హైమవతి దీపాలు పెట్టే వేళదాకా నిద్రపోయింది. ఆమె గురక వింటూ వరండాలో కూర్చుని, మంచి పని చేశాననుకున్నాడు.

అప్పుడే ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. తెల్లవారక ముందు తలుపు తీయాల్సి వస్తే ఆమె ముందుగా అతన్ని లేపాలి. చాలాకాలం ఆ మాట తప్పలేదు. ఒక జనవరి ఉదయం మాత్రం తప్పింది. గడియ చప్పుడుకు అతనికి మెలకువ వచ్చింది. చీకటి ఇంకా విడలేదు. పక్కన ఎవరున్నారో లేరో చూడలేదు. తలుపు తెరిచి ఉంది. బయట పొగమంచులో తల నిండా శాలువా కప్పుకున్న ఆకారం ఒకటి ఇంటి వైపు వస్తోంది. తుపాకీ ఎత్తాడు. ఎవరని అడగాలని తర్వాత కొన్ని వందల సార్లు తోచింది గాని, ఆ క్షణంలో తోచలేదు.

సీసపు గుళ్ళు బక్కెట్టుకు తగిలాయి. చేతిపంపు దగ్గర నింపుకున్న నీళ్ళు చిల్లుల్లోంచి సన్నటి ధారలుగా కారుతుంటే హైమవతి కదలకుండా నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, అడుగున మిగిలిన నీళ్ళతో కాఫీ పెట్టి అతనికిచ్చింది. ఆ రోజంతా ఏమీ అనలేదు. ఆ తర్వాతా అనలేదు. ఎండాకాలంలో కాకినాడలో అన్నగారి ఇంటికి వెళ్ళింది. తిరిగి రాలేదు.

అతను వెళ్ళి పిలిచాడు. వదినగారు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళాక హైమవతి స్తంభానికి ఆనుకుని నిలబడి మెల్లగా చెప్పింది.

“మిమ్మల్ని నేనేమీ అనడం లేదండీ. ఆ ఇంట్లో నాకిప్పుడు దొంగలంటే భయం లేదు. మీకు మెలకువ వస్తుందంటేనే భయం.”

తుపాకీ అమ్మేస్తాననే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మేశాక మళ్ళీ దొంగలొస్తేనో? ఆ ఆలోచనతో ఊరుకున్నాడు. ఆమె కూడా అడగలేదు. అసలు మాట తప్పింది ఆమె కదా అని రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ అనుకున్నాడు. లేపి ఉంటే ఏమీ జరిగేది కాదు. ఆ ఒక్క సంగతినే అతను ఎవరికీ చెప్పకుండా ఇన్నాళ్ళూ పట్టుకుని బతికాడు.

ఆ రోజు పేలిన చప్పుడు చుట్టుపక్కల అందరూ విన్నారు. అప్పటి నుంచీ అతను వాళ్ళకు బందూక్‌వాలా బాబు. మొన్న నవంబరులో అల్లర్లు జరిగి ఢిల్లీ వైపు పొగలు లేచినప్పుడు వీధిలో మగవాళ్ళంతా కర్రలు పట్టుకుని వంతులవారీగా కాపలా తిరిగారు. తుపాకీ ఉన్న ఒక్క మనిషిని మాత్రం ఎవరూ పిలవలేదు. అతను తలుపు వెనక కుర్చీ వేసుకుని, వాళ్ళ అడుగుల చప్పుడు వింటూ కూర్చున్నాడు.

ఆఫీసులో ఆ రోజు పని ఎక్కువగానే ఉంది. ఎన్నికల సెలవు గురించిన సర్క్యులర్‌ను ఎడతెగకుండా తిప్పాడు. స్టెన్సిల్ ఒకచోట ముడత పడి అక్షరాలు అలుక్కుపోతే ఆపి, సరిచేసి, మళ్ళీ తిప్పాడు. ఉదయం తుపాకీ మోసినందుకేమో ఎడమ భుజం లాగుతోంది. మధ్యాహ్నం సెక్షన్ ఆఫీసరు అనంతరామయ్య గది బయట కనిపించి, ఆదివారం ఆర్.కె. పురంలో తమ క్వార్టర్‌కు భోజనానికి రమ్మన్నాడు. అనంతరామయ్య మంచివాడు. ఇలా చాలాసార్లు పిలిచాడు. రాత్రికి అక్కడే పడుకుని పొద్దున కలిసి ఆఫీసుకు వద్దామని కూడా అనేవాడు. లక్ష్మీపతి ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పేవాడు. రాత్రిపూట తుపాకీని ఖాళీ ఇంట్లో వదిలి ఉండకూడదు. వెంట తీసుకుపోకూడదు. ఇంటికి కాపలాగా దాన్ని తెచ్చాడు. ఇప్పుడు దానికి తను కాపలా ఉంటున్నాడు.

అలవాటుగా కాదనబోయి ఆగాడు.

“వస్తానండి,” అన్నాడు. అనంతరామయ్య ఆశ్చర్యపోయినట్టు కనిపించాడు.

సాయంత్రం లోకల్ రైలు దిగి, చుక్కలు పొడవక ముందే ఇల్లు చేరాడు. తాళం తీసి లోపలికి వెళ్ళగానే ట్రంకు పెట్టె వైపు చెయ్యి పోయింది. తాళం సరిచూసుకోవడం అలవాటు. పెట్టె తెరిచే ఉంది. కాసేపు గది మధ్యలో ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. భయం వేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు. ఊరు మారినవాడికి మొదటి రోజు ఉండే తికమక లాంటిది ఏదో ఉంది, అంతే. వరండాలోకి వచ్చి, దీపం వెలిగించి, మెట్టు మీద కూర్చున్నాడు.

అప్పుడు మాణిక్యం వచ్చింది. కొంగు భుజాల నిండా కప్పుకుని, చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నెతో గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, గేటు తానే తీసుకుని లోపలికి నడిచింది. తుపాకీ పేలిన రోజు తర్వాత ఆ గేటు ఆమె తీయడం ఇదే మొదలు. ఈ రోజు బిడ్డ పుట్టినరోజని, బెల్లం పరమాన్నం చేశానని చెప్పి గిన్నె అతని పక్కన పెట్టింది.

“ఠాణాల ఇచ్చి వచ్చిండ్రట గద అన్నా. మా ఆయన చెప్పిండు.”

“అవునమ్మా. ఎన్నికలయ్యేదాకా ఉంచుతారు.”

“అటెన్క మల్ల తెచ్చుకుంటరా?”

లక్ష్మీపతి వాకిలి వైపు చూశాడు. ఉదయం నుంచి ఆ ప్రశ్న తనకు తాను ఒకసారి కూడా వేసుకోలేదని అప్పుడు తెలిసింది.

“లేదు,” అన్నాడు. “అమ్మేస్తాను.”

మాణిక్యం వెళ్ళబోతున్నదల్లా ఆగి, వరండా స్తంభం పక్కన గొంతుక్కూర్చుంది. వదిన బాగున్నదా అని అడిగింది. బాగుందన్నాడు. పంపు దగ్గర ఇద్దరూ కలిసి నీళ్ళు పట్టుకునేవాళ్ళమని, తనకు ఈ ఊళ్ళో మొదట మాట కలిపింది ఆమేనని చెప్పింది. తర్వాత నేల వైపు చూస్తూ అంది.

“ఆ దినం ఆమె మిమ్మల్ని ఎందుకు లేపలేదో మీకు ఎరుకేనా అన్నా? ముందటి రోజే నాతోని అన్నది. రాత్రంత కూసుండి కావలి కాస్తుండు, తెల్లారంగనే జరంత కన్ను మూస్తుండు, లేపబుద్ధి అయితలేదు అన్నది. గందుకే ఒక్కతే పోయింది.”

లక్ష్మీపతి చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. సిరా గోళ్ళను ఒకదానితో ఒకటి గీరుకుంటున్నాడు. మాణిక్యం లేచి, గిన్నె నిదానంగా ఇయ్యొచ్చని చెప్పి వెళ్ళిపోయింది. అతను కళ్ళు తుడుచుకోవడం ఆమె చూడలేదు.

పరమాన్నం ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఎంతోకాలానికి ఎవరో వండినది తిన్నాడు. ఆదివారం భోజనం దగ్గర అనంతరామయ్యతో సెలవు సంగతి మాట్లాడాలనుకున్నాడు. కాకినాడ వెళ్ళి, ముందు తుపాకీ సంగతి కాకుండా, ఆ కాఫీ సంగతి మాట్లాడాలి. కారిపోగా మిగిలిన నీళ్ళతో ఆమె పెట్టిచ్చిన కాఫీ తాను ఒక్క మాట లేకుండా తాగాడు. అది చెప్పాలి.

గిన్నె కడిగి తుడిచాడు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడం మర్యాద కాదు. ఇల్లంతా వెతికితే కిందటి నెలలో తనే పెట్టుకున్న ఉసిరికాయ పచ్చడి జాడీ ఒకటి కనిపించింది. గిన్నెలోకి నిండుగా తీసి, మూత పెట్టి, పొద్దున్నే మరిచిపోకుండా కిటికీ గట్టు మీద ఉంచాడు. తలుపు గడియ పెట్టకుండా దగ్గరగా వేశాడు. ఇన్నేళ్ళూ తలుపుకు ఎదురుగా తిరిగి పడుకునేవాడు. ఆ రోజు గోడ వైపు తిరిగి, రగ్గు చెవులదాకా లాక్కుని, పెందలాడే పడుకున్నాడు.

పొద్దున మల్లేశం పనికి పోతూ, ఆ వేళకు ఆ ఇంట్లో ఎప్పుడూ వెలిగే దీపం కనిపించక గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. రెండుసార్లు పిలిచి, తలుపు తోశాడు. లక్ష్మీపతి గోడ వైపు తిరిగి అలాగే ఉన్నాడు. ఒళ్ళు చల్లబడి ఉంది. వచ్చిన డాక్టరు, గుండె నిద్రలోనే ఆగిపోయి ఉంటుందని, బాధ తెలిసి ఉండదని చెప్పాడు.

తంతి అందుకుని హైమవతి అన్నగారితో వచ్చేసరికి అంతా అయిపోయింది. మల్లేశం, అనంతరామయ్య కలిసి దహనం జరిపించారు. తుపాకీ ఏం చేస్తారని ఠాణా నుంచి మనిషి వచ్చి అడిగితే, మీ ఇష్టమని చెప్పి పంపేసింది. బట్టలు ఇరుగుపొరుగుకు ఇచ్చేసింది. మాణిక్యం ఆమె పక్కనే ఉండి, ఆ సాయంత్రం వరండాలో జరిగిన మాటలన్నీ చెప్పింది. హైమవతి చీలిన చెవి మీదికి కొంగు లాక్కుంటూ వింది.

వెళ్ళేముందు కిటికీ దగ్గర ఆగి గిన్నె మూత తీసింది. వేలితో కొంచెం తీసి నోట్లో వేసుకుంది.

“ఉప్పెప్పుడూ ఎక్కువే వేస్తారు,” అంది.

మూత మళ్ళీ పెట్టలేదు. అన్నగారు రిక్షా వచ్చిందని పిలిస్తే వెళ్ళిపోయింది. మాణిక్యం కూడా ఆమె వెంట గేటుదాకా నడిచింది. కిటికీ గట్టు మీద గిన్నె ఉండిపోయింది. అంచు మీద చుక్కలు చుక్కలుగా మాణిక్యం బిడ్డ పేరు చెక్కి ఉంది. పచ్చడి మీద నూనె తేరి, హైమవతి వేలితో తీసిన చోటు మెల్లగా పూడుకుంటోంది.