షట్టరు మీది నంబరు

రోజూ పొద్దున్నే దేవుడి ముందు నిలబడి, "ఇల్లూ నీదే, ఒళ్ళూ నీదే, నేను తినే ముద్దా నీదే" అని చెప్పుకోవడం మేస్త్రీకి చిన్నప్పటి నుంచీ అలవాటు. అయితే ఆ మాట అన్న ప్రతిసారీ మనసులో ఒక మూల అనుమానం తలెత్తేది. నిజంగానే ఆయన ఓ రోజు వచ్చి, "నాదేనన్నావుగా, ఇచ్చెయ్" అంటే? ఇవ్వగలనా? ఎవరినైనా అడిగితే నవ్వుతారు. పెద్దవాళ్ళని అడిగితే కసురుకుంటారు. అందుకని ఏ తాళానిదో తెలియని తాళంచెవిని జేబులో వేసుకు తిరిగినట్టు, ఆ అనుమానాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాడు.

మేస్త్రీ అంటే ఇళ్ళు కట్టే మేస్త్రీ కాదు, కొట్లకుండే ఇనప షట్టర్లు బాగుచేసే మేస్త్రీ. పని అయ్యాక కొట్టు యజమానిని పిలిచి, "ఒక్క వేలితో లేపండి" అనేవాడు. ఒక్క వేలికి లేస్తేనే సంచిలోంచి రేకు బయటికి తీసేవాడు. తన ఫోను నంబరు అంకెలు కత్తిరించి ఉన్న రేకు అది. దాన్ని షట్టరు కింది మూల ఆనించి, నల్ల రంగు అద్ది, నంబరు దించేవాడు. వేలికి లేవని షట్టరు మీద నంబరు వేస్తే దేవుడి ముందు అబద్ధమాడినట్టేనని అతని లెక్క. అలా బజారంతా అతని నంబరే. కాకపోతే పగలంతా షట్టర్లతో పాటు చుట్టుకుపోయి ఉంటుంది, కొట్లు మూశాకే కనిపిస్తుంది.

"కొనేవాళ్ళంతా ఇళ్ళకి పోయాక బయటపడుతుంది మీ గొప్ప," అని భార్య దెప్పేది.

ఆమె అసలు కోపం నంబరు మీద కాదు, బిల్లు మీద. మేస్త్రీది నెలనెలా ఫోనుకే బిల్లు మెసేజొచ్చే కనెక్షను. "ఏమండీ, ఫోను చేసేది వాళ్ళు, మాట్లాడేది వాళ్ళు. మీరనేది 'వస్తున్నా' అన్న ఒక్క ముక్క. దానికి ఇంత బిల్లా? ప్రీపెయిడ్‌కి మారండి, ఎంత వాడితే అంతే వేసుకోవచ్చు."

"నంబరు పోతే?"

"పోదట. పక్కింటావిడ మార్చుకుంది, పాత నంబరే ఉంది."

"పక్కింటావిడ నంబరు షట్టర్ల మీద ఉందా?"

ఆమెకి బదులు వంటింట్లో గిన్నెలు సమాధానం చెప్పాయి. మేస్త్రీ చెప్పులేసుకుని ఫోను కంపెనీ ఆఫీసుకి బయల్దేరాడు. నంబరంటూ పోతే బజారులో ప్రతి షట్టరూ తప్పు చెబుతుంది. రేకు పారేయాలి. పని వెతుక్కుంటూ కొట్టు కొట్టూ తిరగాలి. ఈ వయసులో అది తన వల్ల కాదు.

ఆఫీసు చల్లగా ఉంది. గాజు బల్ల వెనక కూర్చున్న అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "కంగారేం లేదండీ. బాకీ బిల్లు కట్టేస్తే ప్రీపెయిడ్‌కి మార్చేస్తాం. నంబరు మారదు. కొత్త సిమ్ము ఇస్తాను. అది పనిచేయడం మొదలయ్యే దాకా, కొన్ని గంటలు మాత్రం ఫోను మోగదు. మీ నంబరూ, పేరూ?"

మేస్త్రీ చెప్పాడు. అమ్మాయి కంప్యూటరు వైపు చూసింది, మేస్త్రీ వైపు చూసింది.

"ఈ నంబరు మీది కాదండీ."

"నాది కాకపోతే మరెవరిదమ్మా?"

ఆ అమ్మాయి ఒక పేరు చదివింది. ఆ చల్లటి గదిలో మేస్త్రీకి చెమట పట్టింది. అది అతని బావమరిది పేరు. ఏళ్ళుగా మాటల్లేని బావమరిది.

"పొరపాటు పడ్డావమ్మా. ఊళ్ళో ఎవరినడిగినా ఇది నా నంబరనే చెబుతారు."

"అయి ఉండొచ్చండీ. ఆధారం ఏదైనా ఉందా?"

"ఆధారమా? ఇలా రా." మేస్త్రీ చరచరా గుమ్మం దగ్గరికి నడిచి, పైకి చుట్టుకుని ఉన్న షట్టరుని అందుకుని నడుం దాకా లాగాడు. ఆఫీసు మూసేస్తున్నారనుకుని లోపల కూర్చున్న జనం సంచులు పట్టుకుని లేచారు. కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. షట్టరు కింది మూల నల్లటి అంకెలు మెరుస్తున్నాయి. "చూడు! నీ ఆఫీసు తలుపు మీదే ఉంది నా నంబరు!"

ఆ అమ్మాయికి నవ్వాగలేదు. "ఉందండీ, కాదనను. కానీ మా కంప్యూటరు షట్టర్లు చదవదు కదా. ఓనరు గారిని తీసుకొచ్చి వేలిముద్ర వేయించండి. అయిదు నిమిషాల పని."

ఓనరు గారు! ఆ మాట మేస్త్రీకి దారి పొడుగునా చెవిలో రొద పెట్టింది. పొద్దున్నే కదా "అంతా నీదే" అని వచ్చాడు. దేవుడు రాలేదు గానీ, బావమరిదిని పంపినట్టున్నాడు.

నడుస్తుంటే అంతా గుర్తుకొచ్చింది. మొదటిసారి ఫోను తీసుకున్నప్పుడు కౌంటరు మీది మిషను అతని బొటనవేలిని గుర్తుపట్టలేదు. షట్టర్ల ఇనప పట్టీలు వేలి గీతల్ని ఎప్పుడో అరగదీశాయి. వెనక వరసలో జనం సణుగుతున్నారు. తోడొచ్చిన బావమరిది ముందుకొచ్చి, "నాది పెడతాలే బావా. నీదైతేనేం, నాదైతేనేం," అని వేలు పెట్టేశాడు. ఆ సంతోషంలో మేస్త్రీ, "నీ కొట్టు షట్టరు పట్టేస్తోందన్నావుగా, రేపొచ్చి చూస్తాలేరా," అని మాటిచ్చాడు.

ఆ రేపు రాలేదు. సంచి భుజాన వేసుకున్నప్పుడల్లా ఆ ఫోనే మోగేది. ఎవరో కొట్టువాడు తొందరపెట్టేవాడు. బావమరిది ఇంటివాడే కదా, ఎక్కడికి పోతాడు, అనుకుని మేస్త్రీ దారి మళ్ళేవాడు. చూసి చూసి విసిగిన బావమరిది ఎవరో పొట్టి మెకానిక్కుని పిలిపించాడు. పొట్టివాడు వచ్చి షట్టరుని సుత్తితో నాలుగు బాదులు బాది, దాని మీద ఎర్ర రంగుతో తన నంబరు ఇంతింత అంకెలతో రాసిపోయాడు. సొంత బావమరిది షట్టరు మీద పరాయి నంబరు! అది చూసిన రోజు నుంచి మేస్త్రీ ఆ వీధిలో నడవడమే మానేశాడు. తను మాట తప్పిన సంగతి కన్నా ఆ ఎర్ర అంకెలే అతనికి పెద్దగా కనిపించాయి.

బావమరిదిది పరుపుల కొట్టు. మేస్త్రీ వెళ్ళేసరికి షట్టరు మోకాళ్ళ పైదాకా లేచి ఆగిపోయి ఉంది. దాని కిందనుంచి ఒక పరుపు బయటికి పాక్కుంటూ వస్తోంది. బయట ఒకాయన నేల మీద చతికిలబడి దాన్ని లాగుతున్నాడు. లోపల్నుంచి ఎవరో నెడుతున్నారు.

"ఆ గ్రీజు చెప్పులు మా బావవే," అంది లోపలి గొంతు. "రా బావా. కాకపోతే వంగాలి."

వంగక తప్పలేదు. ఇన్నేళ్ళ పట్టుదలా షట్టరు కిందనుంచి మోచేతుల మీద దూరి, దుమ్ము దులుపుకుని లేచి నిలబడింది.

"అక్క బాగుందా?"

"బాగానే ఉంది. నీ వేలు కావాలిరా."

"కోసివ్వనా, వేలితో పాటు నేనూ రానా?"

మేస్త్రీ సంగతంతా చెప్పాడు. బావమరిది పరుపు మీద కూర్చుని విన్నాడు.

"నంబరు నీ పేరు మీదుందని నీకు తెలుసా?" అని చివర్న అడిగాడు మేస్త్రీ.

"తెలియకేం? వేలు పెట్టింది నేనేగా."

"మనకి మాటల్లేని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కట్ చేయించాలనిపించలేదా?"

"ఎందుకనిపించలేదు? ఓసారి కోపంగా బయల్దేరాను కూడా. షట్టరు లేవలేదు. పాక్కుంటూ బయటికొచ్చేసరికి కోపం పోయింది."

"నవ్వులాట కాదురా. నిజం చెప్పు."

"నిజం ఏముంది బావా? కట్ చేయించి నేనేం చేసుకుంటాను? దాంతో పని నీకు గానీ నాకేం పని?"

మేస్త్రీ చొక్కాకి అంటిన దుమ్ము మళ్ళీ దులుపుకున్నాడు. ఎప్పుడైనా అడగగలిగి కూడా అడగని వాడి ముందు నిలబడటం ఇలాగే ఉంటుందేమో. పైవాడు కూడా ఇందుకే ఏదీ తిరిగి అడగడేమో. ఏమో, ఆయన మనసు తనకేం తెలుసు?

ఆఫీసులో బావమరిది వేలు పెట్టగానే మిషను పచ్చగా వెలిగింది. పాత బిల్లు కట్టారు. అమ్మాయి కొత్త సిమ్ము తనే ఫోనులో వేసిచ్చి, "పనిలో పనిగా పేరు కూడా మార్పించుకుంటారా?" అంది. మేస్త్రీ బొటనవేలు చొక్కాకి తుడుచుకుని పెట్టాడు. మిషను ఎర్రగా వెలిగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే.

"వద్దులేమ్మా," అన్నాడు. "ఓనరు గారి పేరు మీదే ఉండనీ."

"ఇప్పుడు నా వేలికి ఏమిస్తావు బావా?" అన్నాడు బావమరిది మెట్లు దిగుతూ.

మేస్త్రీ ఇంటికెళ్ళి సంచి తీసుకుని నేరుగా పరుపుల కొట్టుకి వచ్చాడు. ఫోను చచ్చినట్టు పడి ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి మాటిమాటికీ జేబు మీదకి పోతోంది. దారి మళ్ళించడానికి ఎవరూ లేరు.

నిచ్చెనెక్కి చూస్తే లోపం అక్కడే కనిపించింది. పొట్టివాడి సుత్తి దెబ్బలకి షట్టరు జారే పక్క గాడి లోపలికి నొక్కుకుపోయింది. దాన్ని కప్పిపుచ్చడానికి పైన స్ప్రింగు బిగించిపడేశాడు. మేస్త్రీ గాడిని కొంచెం కొంచెంగా తెరిచి తిన్నగా చేశాడు. వంకరపోయిన పట్టీలు విప్పి సరిచేశాడు. గ్రీజు పెట్టాడు. స్ప్రింగు సగం చుట్టాడో లేదో, ఫోను మోగింది. కొత్త సిమ్ముకి ప్రాణం వచ్చింది, నంబరు నిలబడింది.

కింద నిచ్చెన పట్టుకున్న బావమరిది తల పైకెత్తి చూశాడు. అతని మొహంలో కోపమేమీ లేదు. ఇది తనకి తెలిసిన సంగతేనన్నట్టు చెయ్యి చాచాడు. "స్ప్రింగు ఇలా ఇవ్వు బావా, పట్టుకుంటాను. వెళ్ళొద్దువు గానీ."

మేస్త్రీ ఫోను చెవిన పెట్టుకున్నాడు. అవతల పెద్ద బట్టల కొట్టువాడు. షట్టరు మధ్యలో ఆగిపోయిందట, ఉన్నపళంగా రమ్మంటున్నాడు.

"వస్తాలెండి, రేపు," అన్నాడు మేస్త్రీ. "ఇవాళ మా బావమరిది కొట్లో ఉన్నాను."

స్ప్రింగు మిగతా సగం చుట్టి, నిచ్చెన దిగి, షట్టరుని నేలదాకా దించాడు.

"వేలు పెట్టరా."

"ఏ వేలు?"

"ఇందాక మిషను మీద పెట్టావే, అదే."

బావమరిది వంగి పిడి కింద బొటనవేలు పెట్టాడు. షట్టరు గలగలా నవ్వినట్టు చప్పుడు చేస్తూ పైదాకా లేచిపోయింది. పొట్టివాడి ఎర్ర అంకెలు దాంతో పాటే చుట్టుకుపోయాయి. పరుపు కొనడానికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డ ఒకాయన, వంగబోయి ఆగి, నిటారుగా లోపలికి నడిచాడు.

"మరి నంబరు వెయ్యవా?" అన్నాడు బావమరిది.

మేస్త్రీ సంచిలోంచి రేకూ రంగు డబ్బా తీసి అతని చేతిలో పెట్టాడు. "నంబరు నీది, షట్టరు నీది. నువ్వే వేసుకో."

బావమరిది షట్టరుని కిందికి దించుకుని, నేల మీద కూర్చుని, రేకు ఆనించి రంగు అద్దాడు. చెయ్యి తిరగని పని కదా, చివరి అంకె దగ్గర రంగు కాస్త కారింది. మేస్త్రీ గుడ్డతో దాన్ని తుడిచిపెట్టాడు.