చివరి రెండు కుట్లు

అయినా చుక్కలు వేశాక ఈ కన్ను నాది కాదన్నట్టే ఉంటుంది, మొద్దుబారి, రెప్ప కింద ఎవరో తడిగుడ్డ మడిచి పెట్టి మరిచిపోయినట్టు, పది నిమిషాలు కళ్ళు మూసుకోండమ్మా అని చెప్పి నర్సు వెళ్ళిపోయింది, మూసుకుంటే ఏమీ కనిపించదని ఎవరన్నారు, ఎడమవైపు నారింజ రంగు, కుడివైపు ముదురు నీలం, రెండూ ముక్కు దగ్గర కలిసేచోట సన్నగా నీళ్ళ చప్పుడు, కాదు, అది కారిడార్ చివర కుళాయి, ఎవరో సరిగా కట్టలేదు, పక్కనున్న చిట్టి లేచి వెళ్ళి కట్టేసి వచ్చింది, కుళాయి కారుతుంటే దానికి కూర్చోబుద్ధి కాదు, నా చెల్లెలు, నాకంటే మూడేళ్ళు చిన్నది, నలభై ఎనిమిది నిండినా ఇంకా చిట్టే, డ్రైవింగ్ స్కూల్లో దాన్ని అందరూ మేడం అంటారు, ఊళ్ళో సగం మందికి కారు నేర్పింది, నేను చిట్టీ అని పిలిస్తే మాత్రం బ్రేకు మీద కాలు పడ్డట్టు టక్కున ఆగిపోతుంది, మంటగా ఉందా అక్కా అంది, లేదే అన్నాను, ఇవాళ్టితో అయిపోతుందిలే, ఇంకా రెండేగా అంది, ఆ గొంతులో ఏముందో వినకూడదని మళ్ళీ నారింజ రంగులోకి వెళ్ళిపోయాను.

పదహారు కుట్లు, పద్నాలుగు ఇదివరకే మూడు విడతలుగా తీసేశారు, వెంట్రుక కంటే సన్నటి దారం, గుండ్రంగా, సూర్యుడి చుట్టూ కిరణాల్లా, ఎవరిదో కంటిపొరని నా కంటికి పట్టుకుని ఏడాదిగా కూర్చుంది, కట్టు విప్పిన రోజు లోకమంతా పాలలో ముంచి తీసినట్టుంది, ఆ తెలుపులో డాక్టరమ్మ మొహం ఒక దీపం, చిట్టి చీర ఒక ఆకుపచ్చ మబ్బు, ఎవరిచ్చారండీ అని అడిగితే పేర్లు చెప్పకూడదమ్మా, ఇష్టపడి ఇచ్చారు, అంతవరకు తెలిస్తే చాలు అంది డాక్టరమ్మ, తర్వాత ఎన్ని మధ్యాహ్నాలు కలల్లో ఎవరో ఆవిడ, తడిజుట్టు ఆరబెట్టుకుంటూ కిటికీ దగ్గర నిలబడి నేనెరగని వీధిని చూస్తూ, వెనక్కి తిరగబోయేలోపే మెలకువ, ఆవిడ కలలు నాకొస్తున్నాయేమోనంటే డాక్టరమ్మ నవ్వింది, కిటికీకి అద్దం మార్పించుకుంటే పాత ఇంటివాళ్ళు చూసిన వీధి కనిపిస్తుందా అంది, నిజమే, అయినా ఆ తడిజుట్టావిడ పోలేదు, నాలుగు నెలలుగా కలలోకి వచ్చి నా వైపు తిరక్కుండా నిలబడుతోంది, ఏదో తెలిసినదానిలా, తెలిసీ అడగనిదానిలా.

తెలియక చేసింది చిట్టి, నాకు తొమ్మిది, దానికి ఆరు, పాత గొడుగు ఊచ వంచి విల్లు చేసింది, ఇంకో ఊచ బాణం, అక్కా చూడు అంది, చూశాను, అంతే, ఎడమకంటి చూపు పోయింది, అమ్మ దాన్ని కొట్టింది, అది ఏడవలేదు, నాలుగు రోజులు మాట్లాడలేదు, ఐదో రోజు నుంచి నా ఎడమవైపు నడవడం మొదలుపెట్టింది, బడికి, బజారుకి, నేను ప్రూఫులు దిద్దే అచ్చాఫీసు మెట్ల దాకా, ఎప్పుడూ ఎడమవైపే, అక్కా గుంట, అక్కా సైకిలు, కుడికన్నుతో ఇరవై తొమ్మిదేళ్ళు అచ్చుతప్పులు ఏరాను, మా యజమాని ఈవిడ ఒంటికన్నుకి దొరకని తప్పు లేదయ్యా అని అందరికీ చెప్పుకునేవాడు, ఆ ఒక్కటీ రెండు కళ్ళ చాకిరీ చేసి చేసి అలిసిపోయింది, అప్పుడు చిట్టే నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది, నాకు పెళ్ళీ పెటాకులూ లేవు, దానికీ లేవు, దానికెందుకు లేదో నేనెప్పుడూ అడగలేదు, ఆపరేషనయ్యాక గంటకోసారి చుక్కలు, తర్వాత రోజుకి ఆరుసార్లు, తర్వాత నాలుగు, అన్నీ నోటుపుస్తకంలో గీతలు గీసి రాసుకుంది, మెత్తటి చేతులు, రెప్ప ఎత్తినట్టు కూడా తెలియదు.

ఆ మీటర్లాయన రాకపోతే ఏ గొడవా ఉండేది కాదు, కరెంటు మీటర్లు చూసే మనిషి, భార్య పోయి ఆరేళ్ళు, యాభై రెండో ఏట చిట్టి దగ్గర కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది, పరీక్ష మూడుసార్లు తప్పాడు, నాలుగోసారి ప్యాసయి మొహం వేలాడేసుకుని వచ్చాడట, ప్యాసైనందుకు ఏడుపుమొహం పెట్టిన మనిషిని ఇప్పుడే చూశానక్కా అని చిట్టి పగలబడి నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ చెంపలు ఎర్రబడ్డాయి, నాకప్పుడే అర్థమైంది, వానలు మొదలైన వారం, ఆరేసిన బట్టలు తీస్తూ అది మేడ మీద ఫోన్లో మాట్లాడుతోంది, నేను తలుపు వెనక, మీకు బదిలీ అయితే మంచిదేగా, సముద్రం పక్క ఊరు, నేను రానని అనలేదండీ, అక్క కుట్లన్నీ తీసేశాక, చూపు కుదుటపడ్డాక చెప్తానన్నాను, తనని మసకలో వదిలేసి నేనెలా వస్తాను అంటోంది, నేను మెట్లు దిగి వచ్చేశాను, కాళ్ళ కింద మెట్టు ఉందో లేదో తెలియలేదు, నాలుగు రోజుల తర్వాత గోడ మీద చీమలబారు, ఊరికే కుడికన్ను మూసి చూశాను, బారు కాదు, చీమలు, ఒక్కొక్కటీ విడివిడిగా, నడుములతో సహా, చిట్టీ అని అరవడానికి నోరు తెరిచాను, మూసేశాను.

అప్పట్నుంచి అబద్ధమే, ఇందాక కూడా, చూపు పరీక్ష చేసే అమ్మాయి కుడికన్నుకి రేకు అడ్డం పెట్టి చదవండమ్మా అంది, గోడ మీది అట్ట అడుగు వరస దాకా స్పష్టంగా ఉంది, అచ్చు కూడా మంచిది, ఏ అక్షరం దేనిలా భ్రమ పెడుతుందో నాకంటే ఎవరికి తెలుసు, ష ఉన్నచోట ప అన్నాను, ధ ఉన్నచోట ద అన్నాను, మూడో వరస దాటాక ఏమో అమ్మా, అంతా మసక అన్నాను, గుమ్మం దగ్గర చిట్టి పెన్ను ఆగింది, తర్వాత మెల్లగా రాసుకుంది, ఇన్నేళ్ళూ తప్పులు దిద్దినదాన్ని, నోటితో వరసగా తప్పులు చదువుతుంటే నాలుక మీద ఏదో చేదు, లోపలికి రండి అని పిలిచారు, చిట్టిని బయట ఉండమన్నారు.

గడ్డం ఇక్కడ, నుదురు పట్టీకి ఆనించండి, కదలకండి, నా చెవి వైపు చూడండి అంటోంది డాక్టరమ్మ, ఆవిడ చెవికి చిన్న ముత్యం, గదిలో దీపాలన్నీ ఆర్పేశారు, నీలం వెలుగు లోపలికొచ్చింది, ముత్యం నీలం నీళ్ళలో తేలుతోంది, సూది మొన వస్తున్నట్టు కాదు, ఒక నీడ వొంగి చూస్తున్నట్టు, ఎక్కడో పక్కగదిలో ఎవరో బట్టలోంచి దారం లాగుతున్నారు, ఆ బట్ట నేనే, నొప్పి లేదు, చిన్న గుంజుడు, ఒకటి, మంచి పేషెంటమ్మా మీరు, ఇంకొక్కటి, మళ్ళీ గుంజుడు, అయిపోయింది, దీపం వేశారు, ఇదిగో చూస్తారా మిమ్మల్ని ఏడాది పట్టుకుని కూర్చున్నవాళ్ళని అని తెల్లటి గాజుగుడ్డ చేయి చాచి చూపించింది, రెండో చేత్తో మాటల్లో మాటగా నా కుడికన్ను మూసింది, ఎన్ని ఉన్నాయి, రెండు అన్నాను, ఒకటి తలకట్టులా వంకరగా ఉంది అన్నాను, అన్నాక తెలిసింది.

డాక్టరమ్మ గుడ్డ మడిచేసింది, కోప్పడలేదు, ఈ వంకర కనిపించిన కంటికి గోడ మీది అక్షరాలొక లెక్కా, చూపు కొలిచే యంత్రం పోయినసారే చెప్పింది, మీ నోటితో చెప్తారేమోనని చూశాను, దేనికి భయపడుతున్నారు అంది, గడ్డం వెనక్కి తీసుకున్నాను, సరే, ఎరుపెక్కినా, నొప్పి వచ్చినా, వెలుగు భరించలేకపోయినా, చూపు తగ్గినా పరిగెత్తుకుని రండి, కంటి సంగతి నేను చూసుకున్నాను, మిగతాది మీరు చూసుకోండి అంది, లేచాను, తలుపు దాకా నేల మెత్తగా, పరుపు మీద నడుస్తున్నట్టు.

చిట్టి కిటికీ దగ్గర అటు తిరిగి ఫోన్లో ఉంది, లేదండీ, ఇంకా మసకేనట, మూడో వరస దాటడం లేదు, మీరు నెలాఖరుకి వెళ్ళిపోండి, నా కోసం ఆగకండి, అయ్యో కోపమెందుకు, నాకు కుదరదు, అంతే, ఫోను సంచిలో పెట్టుకుంది, మొహం తుడుచుకుని ఇటు తిరిగింది, నేను కుడికన్ను మీద అరచెయ్యి పెట్టుకున్నాను, నాలుగు నెలలుగా దొరికిపోతానని ఈ కన్నుతో దాని మొహం వైపు చూడలేదు, ఈ కన్ను దాన్ని ఆఖరుసారి సరిగ్గా చూసింది దానికి ఆరేళ్ళప్పుడు, ముందుపన్ను ఊడిన మొహం, ఇప్పుడు చెంపల మీద నెరిసిన వెంట్రుకలు, స్టీరింగు ఎండకి కమిలిన నుదురు, ఎర్రబడ్డ కళ్ళు, అమ్మ గడ్డం, ఎప్పుడైందే నీకింత వయసు, చిట్టీ, కనిపిస్తోందే అన్నాను, ఎంత అంది, అంతా అన్నాను, సంతోషం దాని మొహం మీదకి వస్తూ వస్తూ దారిలో ఆగింది, ఎప్పట్నుంచి అంది, వానలు మొదలైనప్పటి నుంచి, నువ్వు మేడ మీద మాట్లాడుతుంటే విన్నాను, అబద్ధం చెప్పాను, అది కుర్చీలో కూలబడింది, తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది, ఉండిపోవే అని ఒక్కమాట అడిగితే ఉండిపోయేదాన్నిగా అక్కా, అబద్ధమెందుకు అంది, పక్కన కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాను, ఆయనకి మళ్ళీ ఫోన్ చెయ్యవే, వస్తున్నానని చెప్పు అన్నాను, నా నోటి నుంచి వచ్చినవాటిలో ఇవాళ్టికి అన్నిటికంటే నిజం ఇదే, మరి నీ చుక్కలెవరు వేస్తారు అంది, వేసుకోవడం నేర్పించి వెళ్ళు, ఊరందరికీ కారు నేర్పావు, నాకు చుక్కలు నేర్పలేవా అన్నాను, ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే ఫోను తీసింది, నేను చూస్తూ కూర్చున్నాను, వెలుగు దాని మొహం మీద నెమ్మదిగా కదులుతోంది, అడిగితే ఉండిపోయేదాన్నిగా, ఆ మాట నాలో దిగుతూ దిగుతూ అడుక్కి చేరింది, నలభై రెండేళ్ళు అది తప్పు చేసింది కాబట్టి నా పక్కన నడుస్తోందనుకున్నాను, కాదు, నేనంటే ఇష్టం కాబట్టి నడిచింది.