మూడో రకం కోడలు

ఫోను మోగేసరికి హెల్ముట్ సూపులో చెంచా వదిలేసి లేచాడు. ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు. మొన్నామధ్య వంటింట్లో పొగ అలారం కూత పెట్టినప్పుడు కూడా ఆయన ప్లేటు ఖాళీ చేశాకే కుర్చీ జరిపాడు. కానీ ఈసారి ఫోను మీద కనిపించింది క్రోల్ గారి పేరు. టిరోల్ మంచుకొండల లోయలో గెస్ట్‌హౌస్ నడిపే క్రోల్ గారు తనంతట తానుగా వియన్నాకి ఫోను చేశారంటే కూర్చుని మాట్లాడే సంగతి అయ్యుండదు.

"ఫిబ్రవరి సెలవుల వారంలోనా? మాకేనా?" అన్నాడు హెల్ముట్, నాప్కిన్ మెడలోనే వేలాడుతుండగా.

ఆ ఒక్క మాటతో బల్ల చుట్టూ అందరికీ అర్థమైపోయింది. కొడుకు క్లెమెన్స్ గబుక్కున లేచి, కుర్చీలో కూర్చున్న వెరీనాను కుర్చీతో సహా ఎత్తబోయి, బలం చాలక కుర్చీని దించి పెళ్ళాన్ని మాత్రం ఎత్తాడు. వాళ్ళ పెళ్ళయి ఇంకా అయిదు నెలలే. ఇలాంటి పనులకు ఇంకా సాకు అక్కర్లేని రోజులు.

క్రోల్ గారి గెస్ట్‌హౌస్‌లో సెలవుల వారానికి గది దొరకడమంటే డబ్బు కట్టి పుచ్చుకోవడం కాదు. అది తాతలనాటి పొలంలాగా సంక్రమించాలి. ప్రతి కుటుంబానికీ ఏటా అదే వారం, అదే గది, భోజనాల గదిలో అదే బల్ల, ఆఖరికి తడిసిన చేతితొడుగులు ఆరేసుకోవడానికి అదే మేకు. క్లెమెన్స్ పాలపళ్ళు ఊడకముందు నుంచీ వాళ్ళది కిటికీ పక్క బల్ల. ఈ ఏడు కొత్త దంపతులకు వేరే గది లేక, వాళ్ళిద్దరూ వియన్నాలోనే ఉండిపోతారనుకున్నారు. అంతలో గ్రాట్స్ నుంచి వచ్చే ముసలి జంటకి మోకాళ్ళు మొరాయించాయి. మంచు వద్దు, వేడినీళ్ళ బుగ్గలే చాలనుకున్నారు. ఖాళీ అయిన గదిని ముందుగా పక్కబల్ల వాళ్ళకే చూపించాలన్నది క్రోల్ గారి నియమం.

అక్కడి గదులు ఎలా ఉంటాయో వెరీనాకి అత్తగారు గెర్లిండె అంతకుముందే ఎన్నోసార్లు చెప్పింది. చెక్క బాల్కనీ, పావురంలా పొంగి కూర్చునే దుప్పటి, పొద్దున్నే తలుపు గొళ్ళానికి వేలాడదీసి వెళ్ళే వేడి బ్రెడ్డు సంచీ. అవన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలి, తను, క్లెమెన్స్, ఆ బాల్కనీ, ఆ బ్రెడ్డు అనుకునేసరికి వెరీనాకి ఒళ్ళు పులకరించింది. మరుక్షణం ఆ సంతోషం చప్పున చల్లారింది.

ఎందుకంటే వెరీనాకి స్కీయింగ్ రాదు.

ఆస్ట్రియాలో పుట్టి స్కీయింగ్ రాకపోవడమంటే బెస్తల ఇంట్లో పుట్టి నీళ్ళంటే భయపడ్డట్టే. ఆమె తప్పేం లేదు. వాళ్ళది తూర్పు సరిహద్దులో, చేటలో పోసినట్టు చదునుగా ఉండే సరస్సు ఒడ్డు ఊరు. అక్కడ ద్రాక్షతోటలు, గాలి తప్ప ఎక్కి దిగడానికి ఏమీ లేవు. బడిలో పిల్లలందర్నీ కొండలకు తీసుకెళ్ళిన ఏడాది ఆమెకు ఆటలమ్మ పోసింది. మరుసటేడు గడ్డకట్టిన సరస్సు మీద జారి భుజం ఎముక విరగ్గొట్టుకుంది.

అసలు చిక్కు పెళ్ళి విందులో వచ్చింది. కేకు ముక్క అందిస్తూ గెర్లిండె, స్కీయింగ్ వచ్చు కదమ్మా అని అడిగింది. ఆ రోజు ఎవరు ఏమడిగినా అవుననే ఊపులో ఉన్న వెరీనా, ఏదో కొంచెం అత్తయ్యా అంది. బల్ల చుట్టూ అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ కుటుంబంలో కొండ కొసనుంచి గోడలాంటి వాలులో గీత గీసినట్టు దిగే గెర్లిండె కూడా ఏదో కొంచెం వచ్చనే అంటుంది. అల్మరా నిండా గెలిచిన కప్పులు పెట్టుకున్న క్లెమెన్స్ మేనత్త కొడుకైతే, పడకుండా దిగుతానంతే అంటాడు. కాబట్టి కొత్త కోడలి కొంచెం ఎంతటిదో వాళ్ళకి వెంటనే బోధపడిపోయింది.

ఆ తర్వాత వెరీనా దిద్దుకోవాలని చూడకపోలేదు. ఒకసారి క్లెమెన్స్‌తో తనకి నిజంగా అంత రాదని చెప్పింది. అతను నుదుటిమీద ముద్దుపెట్టి, పెద్ద పెద్ద పోటీలు గెలిచినవాళ్ళంతా అలాగే అంటారన్నాడు. ముద్దు బావుంది కదా అని ఆమె అంతటితో ఊరుకుంది.

సూపు ప్లేట్లు తీసేసి కేకు పెట్టాక హెల్ముట్ లోయ మ్యాపు పరిచాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. మ్యాపు కనబడితే చేతిలోకి ఎర్ర పెన్సిలు దానంతటదే వచ్చేస్తుంది. మొదటిరోజే తీగమీద వేలాడే బండిలో కొండ కొసకి పోదామన్నాడు. అక్కణ్ణుంచి అడవి పక్కగా, మ్యాపులో నల్లగీత పెట్టిన అన్నిటికంటే కష్టమైన వాలులో దిగి, మధ్యలో చీజు నూడుల్స్ బాగా చేసే గుడిసె దగ్గర ఆగుదామన్నాడు. క్లెమెన్స్ ఇంకో వాలు చూపించాడు. గెర్లిండె అది మధ్యాహ్నానికి గడ్డ కడుతుందని కొట్టిపారేసింది. ముగ్గురూ ఆమె అభిప్రాయం అడిగిన ప్రతిసారీ వెరీనా కేకు ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంది. నోరు నిండుగా ఉంటే అబద్ధం చెప్పనక్కర్లేదు.

ఇక శుక్రవారం అతిథుల స్కీ పందెం సంగతి వచ్చింది. పక్కబల్ల డోర్ట్‌మండ్ కుటుంబం కొన్నేళ్ళుగా గెలుస్తూ, బహుమతిగా ఇచ్చే పొగబెట్టిన పంది తొడని వీళ్ళ కళ్ళముందే కోసుకు తింటోంది. జట్టుకి ముగ్గురు కావాలి. గెర్లిండె మోకాలు ఈ ఏడు పందేలకు ఒప్పుకోదు. ఆవిడ స్థానంలో వెరీనాను ఆఖర్న దింపి డోర్ట్‌మండ్ వాళ్ళ మొహాలు చూడాలని హెల్ముట్ పథకం. చెబుతూ చెబుతూ ఆయన చేతులు రుద్దుకున్నాడు.

"నా స్కీలు కూడా నీకే ఇచ్చేస్తున్నా. మైనం పట్టించి ఉంచాను" అంది గెర్లిండె.

అవి ఎర్రటి స్కీలు. ఆవిడ వాటిని ఇంకెవరినీ ముట్టుకోనివ్వదని క్లెమెన్స్ ఒకప్పుడు చెప్పాడు. వెరీనా కేకు ప్లేటు పక్కకి జరిపింది. గది పోతే పోయింది గానీ, ఈవిడ ఇంత ప్రేమగా ఇస్తున్నది తను కాని మనిషికి కదా అనిపించింది. వీళ్ళ ఇష్టమంతా ఆ కొంచెం అన్న మాట మీదే నిలబడి ఉంటే, అది కూలినప్పుడు తనెక్కడుంటుంది?

హెల్ముట్ మాత్రం అప్పుడే స్క్రూడ్రైవరు తీసుకుని నేలమాళిగలోకి దిగుతున్నాడు. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులు కోడలికి తగ్గట్టు సరిచేయాలట. క్లెమెన్స్, వెరీనా వెనకే దిగారు. కింద ఆపిల్ పళ్ళ వాసన, పాత సైకిళ్ళు, మైనపు మరకల బల్ల.

"బరువెంతమ్మా?" అన్నాడు మావగారు.

క్లెమెన్స్ మర్యాదగా తల తిప్పి సైకిలు గొలుసు పరీక్షించసాగాడు. వెరీనా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఒక్క నిజమైనా చెప్పానన్న తృప్తి కలిగింది. ఆయన ఎత్తు, వయసు అడిగి, చివరికి రకం దగ్గరికొచ్చాడు. లోకంలో అన్నిచోట్లా మొదటి రకమే గొప్ప. స్కీ బిగింపుల్లో మాత్రం లెక్క తిరగబడింది. భయపడుతూ దిగేవాళ్ళు ఒకటో రకం, దూసుకుపోయేవాళ్ళు మూడో రకం.

"నీకు మూడు" అని ఆయన మర తిప్పబోయాడు.

"ఒకటి పెట్టండి మావయ్యా."

"ఒకటి పెడితే నువ్వు తిరిగే మలుపుకి స్కీ ఊడి లోయలో పడుతుంది. ఇక మేం నిన్ను వెతకాలా, దాన్నా?"

"మరి మూడు పెడితే?"

"రానివాళ్ళకి పెడితే ప్రమాదం. పడ్డప్పుడు స్కీ ఊడదు, కాలే తిరుగుతుంది. నీకేం భయం?"

వెరీనా తన కాలికేసి చూసుకుంది. బాగానే ఉన్న కాలు. ఇంకా చాలా ఏళ్ళు పనికొచ్చే కాలు.

"నాకు స్కీయింగ్ రాదు మావయ్యా."

"మాకెవరికి వచ్చు గనక" అన్నాడు హెల్ముట్ నవ్వుతూ. పెళ్ళయి వెళ్ళిన ఆడబిడ్డ పాత బూట్లు ముందుకి తోసి వేసుకు చూడమన్నాడు.

ఇక మాటల వల్ల లాభం లేదు. వెరీనా ముక్కాలిపీట మీద కూర్చుని, కాళ్ళకున్న ఉన్ని మేజోళ్ళ మీద సంచిలోంచి తీసిన మరో లావుపాటి జత తొడిగి, ఆ రెండిట్లోకీ ప్యాంటు అంచులు దోపింది. చలికి అదే మేలని ఆమె నమ్మకం. తలెత్తేసరికి హెల్ముట్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయి ఉంది. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని కొండలకు తీసుకెళ్ళిన మాస్టారు ఆయన. బూటులోకి రెండు జతలూ ప్యాంటూ కుక్కే పిల్ల ఏ బెంచీలో ఉంటుందో ఆయనకి చెప్పనక్కర్లేదు. బూటు లోపల మడతలు పడి కాలు ఒరుసుకుపోతుందని స్కీయింగ్ తెలిసిన ఏ మనిషీ ఆ పని చెయ్యడు.

"నిజంగానే రాదా?" అన్నాడు మెల్లగా.

"నిజంగానే. చిన్నప్పుడొకసారి పిల్లల వాలు మీద నిలబడ్డాను. వెనక్కి జారిపోయి టిక్కెట్ల గుడిసెకి కొట్టుకున్నాను. ఆ కొంచెమే నాకు వచ్చింది."

క్లెమెన్స్ వెళ్ళి ఆపిల్ పెట్టె మీద కూలబడ్డాడు. కోపమొచ్చిందేమోనని ఆమె అతని దగ్గరికి వెళ్ళబోయింది. అతను రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"నీ వెనకబడి పరువు పోగొట్టుకుంటానేమోనని క్రిస్మస్ నుంచీ రోజూ స్నానాల గదిలో గుంజీలు తీస్తున్నానే."

"నేనింకా కుళాయిలో నీళ్ళు చల్లగా వస్తున్నాయేమో, అందుకే రొప్పుతున్నావనుకున్నా" అంది వెరీనా.

నవ్వులు విని గెర్లిండె కిందికొచ్చింది. సంగతి చెప్పించుకుంది. వెరీనా ఎర్ర స్కీలు రెండు చేతులా పట్టుకుని, ఇవి మీ దగ్గరే ఉండనివ్వండి అత్తయ్యా, నేను చేసింది తప్పే అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గెర్లిండె స్కీలు అందుకోలేదు. "పెళ్ళిలో అడిగినప్పుడే నువ్వు 'బ్రహ్మాండంగా వచ్చు' అని ఉండాల్సింది. నీకు రాదని అప్పుడే తెలిసిపోయేది. వచ్చినవాళ్ళెవరూ అలా అనరు."

"అయితే ఇప్పుడు ఆ గది?"

"గది నీకిచ్చారు, నీ స్కీయింగుకి కాదు. ఆ బాల్కనీలో కూర్చుని వారమంతా పళ్ళు తోముకున్నా అది నీదే."

హెల్ముట్ అప్పటికే బిగింపు మర ఒకటో రకానికి తిప్పేశాడు. పంది తొడ మళ్ళీ డోర్ట్‌మండ్ పాలయిందన్న దిగులు ఆయన మొహంలో ఎంతోసేపు నిలవలేదు. రిటైరైనప్పటి నుంచీ ఆయన చేతికి ఒక్కళ్ళయినా అచ్చంగా రానివాళ్ళు దొరకలేదు. చుట్టాలందరికీ ముందే వచ్చేసి ఉంటుంది. స్కీల ముక్కులు దగ్గరికి చేర్చి మోకాళ్ళు వంచడం ఎలాగో నేలమాళిగలోనే చూపించడం మొదలెట్టాడు. క్లెమెన్స్ అడ్డుపడి, నా పెళ్ళానికి నేను నేర్పుకుంటానన్నాడు. నీకు ఓపిక లేదని తండ్రి, మీ పద్ధతి పాతదని కొడుకు, ఇద్దరూ చెరో స్కీ పట్టుకుని వాదించుకున్నారు. మధ్యలో నిలబడ్డ వెరీనాకి ఇంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు. తనకి రానిదాని కోసం ఇంతమంది పోట్లాడుకుంటారని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"మొగుడి దగ్గర స్కీయింగ్ నేర్చుకున్న ఆడది సాయంత్రానికల్లా పుట్టింటికి రైలెక్కుతుంది. నేను ఎక్కాను" అంది గెర్లిండె.

హెల్ముట్ గొంతు సవరించుకుని మైనం డబ్బా మూత వెతకసాగాడు.

గెర్లిండె ఇద్దరి చేతుల్లోంచీ స్కీలు లాక్కుని, జత కలిపి కోడలి భుజానికెత్తింది. "రేపు పొద్దున్నే నేనూ వెరీనా రైల్లో దగ్గర్లోని సెమ్మరింగ్ కొండకి వెళ్తున్నాం, పిల్లల వాలుకి. మీరిద్దరూ ఇంట్లో ఉండి బంగాళాదుంపలు ఉడకబెట్టి, కట్లెట్లు వేయించి ఉంచండి. మేం ఆకలితో వస్తాం."