మిగిలిన ఒక్క బులెటిన్

ఫోన్ ఉదయం తొమ్మిదింటికి వచ్చింది.

"అన్నా, పాత డిస్కు తిరుగుతోంది. అందులో ఒక బులెటిన్ ఉంది," అన్నాడు ఫ్యూజు.

ఆయన కాఫీ బల్ల మీదే వదిలేసి బయల్దేరాడు.

ఇంటర్నెట్ అనే మాటే చాలామందికి తెలియని రోజుల్లో, అందులో వార్తలు వినిపించే సంస్థ పెట్టాడాయన. జిరాక్స్ షాపు పైన రెండు గదులు, మూడు కంప్యూటర్లు, ఒక ఫోన్ లైను. ఎవరైనా ఫోన్ చేస్తే నెట్ పోయేది. వార్తలు ఆయన రాసేవాడు, ఆయన భార్య చదివేది. మిషన్లు చూసే ఇంజినీరు చేరిన రోజే భవనమంతటికీ కరెంటు పోగొట్టాడు. ఆమె అతనికి ఫ్యూజు అని పేరు పెట్టింది. అసలు పేరుతో అతన్ని ఇక ఎవరూ పిలవలేదు.

కిటికీకి దుప్పటి కట్టి రికార్డు చేసేవారు. ఆమె తొందరపడి తప్పు చదివితే ఎదురుగా కూర్చున్న ఆయన పెన్సిల్‌తో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు. ఆమె ఆ వాక్యం మళ్లీ చదివేది. ఆ చప్పుళ్లను తర్వాత ఫ్యూజు కోసేసేవాడు.

డిస్కు చిన్నది. కొత్త బులెటిన్‌ని నిన్నటి దాని మీదే, అదే పేరుతో ఎక్కించాలన్నది ఆయన పెట్టిన నియమం.

"వారానికొకటైనా ఉంచొచ్చుగా అండీ," అని ఆమె ఓసారి అడిగింది.

"నిన్నటి వార్త ఎవరిక్కావాలి?"

"వార్త పోతే పోనీ. నా గొంతు ఉంటుందిగా."

"నీ గొంతుకేం, తలుపేసుకున్నా వినపడుతుంది."

ఆమె పెన్సిల్ లాక్కుని ఆయన చేతి మీద ఒకటిచ్చింది.

ఆరేళ్లకు సంస్థ అద్దాల భవనానికి మారింది. చదవడానికి వేరేవాళ్లు వచ్చారు. ఆ ఏడాదే ఆమె జబ్బుచేసి పోయింది. తర్వాత సంస్థను ఒక పెద్ద కంపెనీ కొనుక్కుంది. ఆయన మరో రెండు పెట్టాడు. వేదికలెక్కినప్పుడల్లా, మేం నిన్నటిని దాచుకోలేదు అని చెప్పేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు.

ఇంట్లో ఉన్న రెండు వీడియోల్లో ఆమె ఉంది. మాట లేదు. తీసినవాళ్లు పైన పాటలు వేశారు. ఇరవై ఏళ్లకు ఆమె అన్న మాటలు ఆయనకు తన గొంతులోనే గుర్తు రావడం మొదలైంది. అప్పట్నుంచి ఆమె గొంతు కోసం వెతుకుతున్నాడు. పాత శ్రోతలకు ఉత్తరాలు రాశాడు. ఎవరి దగ్గరా లేదు.

ఫ్యూజుకిప్పుడు సొంత రిపేరు షాపు ఉంది. స్టూలు మీది కీబోర్డులు తీసి ఆయన్ని కూర్చోబెట్టాడు.

"మనం ఆ గదులు ఖాళీ చేసిన రోజుది అన్నా. ఆ తర్వాత దాని మీద ఇంకోటి ఎక్కించలేదు. నేను వినలేదు. ముందు నువ్వే వినాలని."

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. గొంతు వచ్చింది. అది ఆయనదే.

ఆయన హెడ్‌ఫోన్ తీసేశాడు. "ఆ రోజు మీ వదినకి గొంతు పూడుకుపోయింది. నేను చదివాను."

ఫ్యూజు తల దించుకున్నాడు. "పాతవేమైనా వస్తాయా?" అని ఆయన అడిగాడు.

"రావన్నా. రెండువేల సార్లు దాని మీదే రాశాం."

ఫ్యూజు స్పీకరు పెట్టి మళ్లీ మొదటినుంచి వేశాడు. రెండో వార్తలో ఆయన ఒక ఊరిపేరు తప్పు చదివాడు. టక్ టక్. ఆగి, సరిగ్గా చదివాడు.

"ఇదేంటి, కోయలేదా?" అన్నాడు ఫ్యూజు. "అవునులే, ఆ రోజు నేను కింద వైర్లు చుడుతున్నా. ఎలా ఉన్నదో అలాగే ఎక్కించేశా. ఇప్పుడు తీసేయమంటావా?"

"ఆ రోజు పెన్సిల్ ఆమె చేతిలో ఉంది," అన్నాడాయన. "నా గొంతు తీసెయ్యి."

"ఏం మిగులుతుందన్నా? అంతా ఖాళీయే."

"ఉండనీ."

గంట పట్టింది. తొమ్మిది నిమిషాల నిశ్శబ్దం. మధ్యలో కాగితం తిప్పిన చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, పెన్సిల్ దెబ్బలు. ఆయన రెండుసార్లు విన్నాడు. మూడోసారి వేళ్లు మడుస్తూ విన్నాడు.

"ఏడుచోట్ల కొట్టింది," అన్నాడు.

"ఏడు తప్పులా? పెద్ద చదువరివే."

"తక్కువే," అన్నాడాయన. "ఇంకా తప్పులు చదవాల్సింది."